కార్డు చూసి పీకెయ్యొద్దు: యుద్ధం అయిపోయాక సిటీ పాలన చేతిలోకి తీసుకునేవాళ్ళకి జాగ్రత్తలు

2024 డిసెంబర్ 8న సిరియా అధ్యక్షుడు అసద్ డమాస్కస్ వదిలి పారిపోయాడు, పదమూడేళ్ళ అంతర్యుద్ధం చివరికి పన్నెండు రోజుల్లో తేలిపోయింది, ఇంకో రెండ్రోజులకి తిరుగుబాటుదార్ల తరఫున ఇడ్లిబ్‌లో పాలన నడిపిన టీమే రాజధానికొచ్చి మంత్రుల కుర్చీల్లో కూర్చుంది. నెల తిరిగేసరికి ఉద్యోగాల కోత వార్తలు మొదలు. జీతాల రిజిస్టర్లో 13 లక్షల పేర్లుంటే నిజంగా డ్యూటీకొచ్చేది 9 లక్షల మందేనని కొత్త ఆర్థిక మంత్రి లెక్క చెప్పాడు. మిగతా 4 లక్షల దొంగ పేర్లు తీసెయ్యడంలో తప్పేం లేదు, తియ్యాల్సిందే. కానీ ఆ ఊపులో రోజూ డ్యూటీకొచ్చే వాళ్ళని కూడా మూడు నెలల సెలవని ఇంటికి పంపడం మొదలెట్టారు, నన్నే ఎందుకు పంపారయ్యా అంటే జవాబు చెప్పే మనిషి లేడు, జనం రోడ్డెక్కారు. జనవరి 29న పాత సైన్యం, పోలీసు నిఘా విభాగాలు, అసద్ బాత్ పార్టీ అన్నీ ఒక్క దెబ్బతో రద్దు. మార్చిలో తీరప్రాంతంలో పాత పాలన మనుషులు కొత్త దళాల మీద దాడి చేశారు, దానికి ప్రతీకారంగా ప్రభుత్వం వైపువాళ్ళు అసద్ మతవర్గమైన అలవైట్ల ఊళ్ళ మీద పడ్డారు, 1,400 మందికి పైగా చచ్చిపోయారని ప్రభుత్వం వేసిన కమిటీయే చెప్పింది. ఉద్యోగాలు పీకడం వల్లే ఇదంతా అయిందని నేననను, అక్కడి పగలకి వేరే వేర్లు చాలా ఉన్నాయి. కానీ ఆ వరస చూస్తుంటే ఇది ముందెక్కడో చూశామే అనిపించింది.

చూశాం, బాగ్దాద్‌లో. అందుకే ఇది రాస్తున్నా.

లూటీలు ఆపండి, కరెంటు పోకుండా చూడండి, ఆసుపత్రులకి కాపలా పెట్టండి లాంటివి మళ్ళీ చెప్పను, అవి ఎవరికైనా తెలుసు. నేను చెప్పేది గెలిచినవాళ్ళు, అందులోనూ మంచి ఉద్దేశంతో గెలిచినవాళ్ళు, ప్రతిసారీ చేసే ఒక్క తప్పు గురించి. పాత ప్రభుత్వంలో ఎవడు ఏం చేశాడో చూడకుండా, ఎవడి జేబులో ఏ పార్టీ కార్డుందో చూసి తీసెయ్యడం.

మనుషుల సంగతి

2003 మే 16న బాగ్దాద్‌లో, ఇరాక్‌ని నడపడానికి అమెరికా పంపిన బ్రెమర్ ఆర్డర్ నంబర్ 1 మీద సంతకం పెట్టాడు. సద్దాం బాత్ పార్టీ పై నాలుగు అంచెల్లో ఉన్నవాళ్ళంతా ఔట్. ప్రతి మంత్రిత్వ శాఖలో, కాలేజీల్లో, ఆసుపత్రుల్లో పై మూడు వరసల్లో పార్టీ సభ్యుడెవరున్నా, చిన్న సభ్యుడైనా సరే, ఔట్. వారం తర్వాత మే 23న ఆర్డర్ నంబర్ 2, సైన్యం మొత్తం రద్దు. కాగితం మీద చూస్తే ఎంత శుభ్రంగా ఉందో చూడండి. కానీ ఆ దేశంలో టీచర్ ఉద్యోగం కావాలన్నా ప్రమోషన్ కావాలన్నా పార్టీలో చేరాల్సిందే, కాబట్టి కార్డు చూసి తీస్తే పోయేది లెక్కల మాస్టారూ డాక్టరూ నీళ్ళ పంపింగ్ స్టేషన్ ఇంజనీరూ. మనుషుల్ని హింసించినవాడు కార్డు ఏనాడో తగలబెట్టి పక్క ఊళ్ళో మకాం పెట్టేశాడు. వేల లెక్కన టీచర్లు పోయారు. ఏడాది తిరక్కుండా 2004 ఏప్రిల్‌లో బ్రెమరే టీవీలో కనపడి, అమలు సరిగ్గా జరగలేదు, టీచర్లని వెనక్కి తీసుకుంటాం అన్నాడు. అప్పటికి సైన్యం నుంచి తోసేసిన లక్షల మంది తుపాకీలతో సహా ఇళ్ళకెళ్ళి కూర్చుని దాదాపు ఏడాదైంది. అసలు అక్కడ ముందు అంతర్యుద్ధమే లేదు, బయటి సైన్యం వచ్చి పడగొట్టింది, అంతర్యుద్ధం ఈ ఆర్డర్ల తర్వాత వచ్చింది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

సరే అది అమెరికావాళ్ళు, ఆ దేశం సంగతి తెలీక చేశారు అనుకుందాం. లిబియావాళ్ళకి వాళ్ళ దేశం తెలీదా? 2013 మే 5న ట్రిపోలీలో రాజకీయ బహిష్కరణ చట్టం పాసయ్యింది. 1969 సెప్టెంబర్ 1 నుంచి 2011 అక్టోబర్ 23 దాకా గడాఫీ హయాంలో పెద్ద పదవి చేసినవాడెవడూ ఇక పనికిరాడు. ఓటింగ్ ఎలా జరిగిందంటే, తిరుగుబాటు దళాలు మెషిన్ గన్లు బిగించిన బళ్ళేసుకొచ్చి విదేశాంగ శాఖనీ న్యాయ శాఖనీ చుట్టుముట్టి ఉండగా జరిగింది. మొదట పడిన పెద్ద వికెట్ ఎవరు? ఆ చట్టం పాస్ చేసిన సభకే అధ్యక్షుడు మగరియాఫ్. ఆయన చేసిన పాపం 1978 నుంచి 1980 దాకా మన దేశంలో లిబియా రాయబారిగా ఉండటం. 1980లోనే గడాఫీని ఛీకొట్టి బయటికొచ్చి ముప్పై ఏళ్ళు ప్రవాసంలో ఉండి పోరాడాడు, అదెవరికీ అక్కర్లేదు, కార్డు చూశారు అంతే. నెల గడవక ముందే రాజీనామా. ఏడాదికల్లా దేశం రెండు ముక్కలై మళ్ళీ యుద్ధం, 2015లో తూర్పు ముక్కలో తోబ్రుక్‌లో కూర్చున్న పార్లమెంటు ఆ చట్టాన్ని ఎత్తేసింది కూడా, ఎవరికి ఉపయోగం.

మళ్ళీ చెప్తున్నా, కార్డు కాదు, చేసిన పని. ఫలానా రోజు ఫలానా చోట ఈ మనిషి ఏం చేశాడు, ఎవరు చూశారు, ఏ కాగితం మీద సంతకం ఉంది. ఈ మూడూ లేకుండా ఒక్కణ్ణి కూడా తియ్యొద్దు.

అంటే అందర్నీ వదిలెయ్యమని కాదు. బీరూట్‌లో అదే చేశారు, 1991 ఆగస్టులో క్షమాభిక్ష చట్టం తెచ్చి లెబనాన్ అంతర్యుద్ధంలో చేసిందంతా దాదాపు మాఫీ చేశారు, ఊళ్ళని కాల్చిన దళాల నాయకులే సూట్లేసుకుని మంత్రులయ్యారు, తప్పిపోయినవాళ్ళ తల్లులు దశాబ్దాల తరబడి ఫొటోలు పట్టుకుని వీధుల్లో నిలబడ్డారు. అదీ కార్డు చూడ్డమే, కాకపోతే అటువైపు నుంచి.

నాకు తెలిసి కాస్త తెలివిగా చేసింది ఏథెన్స్‌వాళ్ళు, క్రీ.పూ. 403లో. ముప్పై మంది నిరంకుశులు ఏడాది లోపు పదిహేను వందల మందిని చంపాక, యుద్ధం చేసి వాళ్ళని దింపారు. గెలిచాక క్షమాభిక్ష ఒప్పందం చేసుకుని, పాత పగ తవ్వబోమని ప్రమాణం చేశారు. ఆ ఒప్పందంలోంచి మినహాయించింది ఎవర్నంటే ఆ ముప్పై మంది, వాళ్ళ తర్వాత వచ్చిన పది మంది, జైలు వ్యవహారాలు నడిపిన పదకొండు మంది, పిరేయస్ రేవుని ఏలిన పది మంది. లెక్కేస్తే అరవై ఒక్కరు. వాళ్ళక్కూడా తలుపు మూసెయ్యలేదు, మీ పదవి కాలానికి లెక్క అప్పజెప్పండి, తేలితే ఉండండి అన్నారు. ఇంకో సంగతి, సొంత చేత్తో ఒకణ్ణి చంపినా గాయపరిచినా ఆ కేసు మాత్రం మాఫీ కాదు. చూశారా, చేసిన పని. భయపడినవాళ్ళు దగ్గర్లోని ఎలూసిస్ అనే ఊరికి వెళ్ళిపోవచ్చు, పేరు రాయించుకోడానికి గడువిచ్చారు, జనం రేపూ మాపూ అని నాన్చుతుంటే ఆర్కినస్ అనే ఆయన చివరి రోజులు కొట్టేసి గడువు ముందే మూసేశాడు, దాంతో చాలామంది సిటీలోనే ఉండిపోయారు. మోసమే, కానీ ఎంత మంచి మోసం! (అదే మనిషి ఒప్పందం తప్పి పగ తవ్విన ఒకణ్ణి విచారణ లేకుండా చంపించాడు, అది మాత్రం నేను మెచ్చుకోను.) ముప్పై మంది స్పార్టా దగ్గర తెచ్చిన అప్పుంది కదా, అది మేమెందుకు కట్టాలని గొడవ రాలేదా అంటే రాకుండా ఉంటుందా. అయినా సిటీ అంతా కలిసి తీర్చేసింది.

లిస్ట్ సంగతి

లిస్ట్ అనేది పుట్టాక ఆగదు, పెరుగుతుంది. క్రీ.పూ. 82లో రోమ్‌లో సుల్లా అనే సేనాని అంతర్యుద్ధం గెలిచి, చంపి ఆస్తి గుంజుకోవాల్సినవాళ్ళ మొదటి లిస్ట్ అంటించాడు, 80 పేర్లు. ఒక రోజాగి ఇంకో 220. ఆ మర్నాడు మళ్ళీ అంతే. గుర్తొచ్చినవాళ్ళ పేర్లు రాశాను, గుర్తురానివాళ్ళవి తర్వాత రాస్తా అని సభలోనే చెప్పాడట. క్వింటస్ ఆరేలియస్ అనే నెమ్మదైన మనిషి, రాజకీయాలకి దూరంగా ఉండేవాడు, ఎవరి పేర్లున్నాయో చూద్దామని వచ్చి తన పేరే చదువుకుని, అయ్యో నా ఆల్బా పొలం నా మీద కేసు పెట్టింది అన్నాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. నాలుగడుగులు వేశాడో లేదో చంపేశారు.

క్రీ.పూ. 81 జూన్ 1తో లిస్ట్ మూసేశామన్నారు. ఆ తర్వాత కూడా రోసియస్ అనే ఆసామిని చంపి పేరు ఎక్కించేశారు, అరవై లక్షల సెస్టర్సుల (రోమన్ నాణేల) ఆస్తిని సుల్లా మనిషి క్రిసోగొనస్ రెండు వేలకి కొనుక్కున్నాడు, పైగా తండ్రిని చంపింది నువ్వేనని కొడుకు మీదే కేసు. కుర్ర లాయర్ సిసిరో వాదించి గెలిచాడు గనక ఇవన్నీ మనకి తెలిశాయి, సిసిరో దొరకనివాళ్ళ సంగతి ఎవరికి తెలుసు. లిస్ట్‌కి తలుపు తెరిచి ఉంచితే దాన్ని అమ్ముకునేవాడు తయారవుతాడు, పక్కవాడి పొలం మీద కన్నున్న ప్రతివాడూ దేశభక్తుడైపోతాడు.

కాబట్టి విచారణ చేసే కమిటీలో, ఆ కుర్చీ ఖాళీ అయితే ఎక్కబోయేవాడు ఉండకూడదు. వాడి బావమరిది కూడా.

పక్కవాళ్ళ పేర్లు చెప్పమని అడగొద్దు. 1939 ఫిబ్రవరిలో, అంతర్యుద్ధం గెలవబోతున్న ఫ్రాంకో తెచ్చిన చట్టంతో స్పెయిన్‌లో ప్రతి ప్రభుత్వ ఉద్యోగీ ప్రమాణపత్రం రాసివ్వాల్సొచ్చింది, అందులో నీ ఆఫీసులో వామపక్షం వాళ్ళెవరో కూడా చెప్పాలి. మార్చి చివర్లో మాడ్రిడ్ పడిపోయాక అక్కడా అదే పద్ధతి. ప్రాణభయంతో ఉన్నవాణ్ణి పేర్లడిగితే ఎవరి పేరైనా చెప్తాడు. ఆ ప్రమాణపత్రం చట్టానికి ఒకరోజు ముందు వచ్చిన ఇంకో చట్టం 1934 అక్టోబర్ నుంచి చేసిన రాజకీయాలకి కూడా శిక్ష వేసింది, చేసినప్పుడు నేరం కానిదానికి. అలా వెనక్కి తవ్వొద్దు.

కాగితాలు

ఇది చిన్న విషయంలా కనపడుతుంది, కాదు. అసద్ పడిపోయాక డమాస్కస్ దగ్గరి సెద్నాయా జైలు తలుపులు తెరిచిన రోజు వేల మంది తమవాళ్ళ కోసం పరిగెత్తుకొచ్చారు, కాళ్ళ కింద రిజిస్టర్లు నలిగాయి, చాలామంది కాగితాలు పట్టుకుపోయారు. వాళ్ళని తప్పు పట్టలేం, కానీ రేపు ఎవడేం చేశాడో తేల్చడానికి ఉన్న సాక్ష్యం అదే. కాగితం పోతే ఇక మిగిలేది కార్డే, మళ్ళీ అక్కడికే వస్తాం. 1990 జనవరి 15న బెర్లిన్‌లో జనం తూర్పు జర్మనీ నిఘా సంస్థ స్టాసీ ఆఫీసులోకి దూసుకెళ్ళారు, అప్పటికే చింపిన ముక్కలు వేల గోతాల్లో ఉంటే ఆ గోతాల్ని కూడా దాచిపెట్టి, చట్టం చేసి, ఎవరి ఫైలు వాళ్ళు చదువుకునేలా చేశారు. అలా చెయ్యండి. జైలు రిజిస్టర్, భూమి రికార్డులు, జనన మరణాలు, జీతాల పుస్తకం, ఆయుధాల స్టోర్ పుస్తకం, ఈ ఐదిటికి మొదటి రాత్రే తాళం, రెండు తాళాలు, రెండు వేర్వేరు చేతుల్లో.

ఇక వరసేం లేదు, గుర్తొచ్చినట్టు చెప్పేస్తా.

పైన మీ మనిషిని కూర్చోబెట్టండి, కింద రెండో మనిషి పాతవాడే ఉండనివ్వండి, వాల్వు ఎటు తిప్పాలో వాడికే తెలుసు.

అనుమానం ఉంటే సస్పెండ్ చెయ్యండి, జీతంతో. జీతం ఆపొద్దు.

తీసేసే కాగితం మీద కారణం రాయండి, సంతకం పెట్టండి. "పై నుంచి ఆర్డర్" అనేది కారణం కాదు.

అప్పీలుకి గడువివ్వండి, అప్పీలు వినేవాడు తీసినవాడు కాకూడదు.

మీ కమాండర్లకి శాఖలు పంచిపెట్టొద్దు. కొండ మీద గెలిచినవాడికి డ్రైనేజీ తెలీదు.

పోరాడినవాళ్ళకి జీతం ఇస్తామని ప్రకటించే ముందు పేర్లు లెక్కపెట్టండి, ట్రిపోలీలో పోరాడినవాళ్ళకంటే పోరాడామని రాయించుకున్నవాళ్ళు చాలా రెట్లు తేలారు.

సైన్యాన్ని రద్దు చెయ్యాలంటే ముందు తుపాకీ తీసుకోండి, తర్వాత డబ్బివ్వండి, ఆ తర్వాత రద్దు. బాగ్దాద్‌లో ముందు రద్దు చేశారు, జూన్‌లో జీతాలడగడానికొచ్చిన పాత సైనికుల మీద కాల్పులు జరిగి ఇద్దరు పోయారు, అప్పుడు గానీ డబ్బిస్తామన్న మాట రాలేదు.

పారిపోయినవాళ్ళ ఇళ్ళల్లో మీవాళ్ళు దిగొద్దు. ఒక్క ఇల్లు కూడా వద్దు, "తాత్కాలికంగా" అసలు వద్దు.

పాత అప్పులు కట్టండి.

ఇంటిపేరు చూసి, యాస చూసి, గుడో మసీదో చర్చో చూసి తియ్యడం కూడా కార్డు చూడ్డమే. దానికి వేరే పేరు పెట్టుకుని మభ్యపెట్టుకోవద్దు.

టీచర్ల జోలికి మూకుమ్మడిగా వెళ్ళొద్దు. బడి మూతపడితే ఆ పిల్లలు ఎక్కడుంటారో ఆలోచించండి, చెక్‌పోస్టు దగ్గరుంటారు.

మీ వైపువాడు చేసినదానికి కూడా అదే కమిటీ, అదే కాగితం, అదే సాక్షి. మీవాణ్ణి వదిలేసిన రోజే మీ లిస్ట్ పగ లిస్ట్ అయిపోతుంది.

ఒక తేదీ పెట్టి ఆ రోజుతో కొత్త పేర్లు ఆపెయ్యండి. ఆపాక తెరవొద్దు, ఎవరొచ్చి చెప్పినా తెరవొద్దు.

కార్డు చూడొద్దు. ఎన్నిసార్లు చెప్పాలి.

పాత జీతాల గుమాస్తాని ఇంకా తీసెయ్యకపోతే వెళ్ళి అతన్ని ఈ నెల జీతాలు ఏ తేదీకి పడాలో అడగండి, ఇవాళే.