పాత ఫ్లాపీ నుంచి ఎమ్యులేటర్ దాకా – 3వ పాఠం: డిస్కును చదవడం

గత పాఠంలో ఫ్లాపీ డ్రైవును గ్రీజ్‌వీజిల్ (డ్రైవు నుంచి వచ్చే సంకేతాలను కంప్యూటరుకు చేరవేసే చిన్న సర్క్యూట్) బోర్డుకు 34 తీగల రిబ్బను కేబుల్‌తో కలిపి, పనికిరాని డిస్కు ఒకటి తిప్పి చూశాం. ఈసారి అసలు డిస్కు. చేయి వణకడం మంచిదే, తొందర తగ్గుతుంది.

మన నమూనా డిస్కులు శ్రీకాకుళంలో స్థిరపడిన ఒక లెక్కల మాస్టారివి. 5.25 అంగుళాల ఫ్లాపీలు, ట్రంకు పెట్టెలో కలరా ఉండల పక్కన పడి ఉన్నాయి. 1984లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఆ యంత్రం మీద ఆయన ఎక్కాలు నేర్పే ప్రోగ్రాములు రాసుకున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ట్రంకు అడుగుకు నీళ్లు చేరాయట. అడుగున ఉన్నవాటికి బూజు పట్టింది.

బూజును ఎలా కనిపెట్టాలి? డిస్కు కవరు మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక కిటికీ ఉంటుంది. మధ్య రంధ్రంలో రెండు వేళ్లు పెట్టి డిస్కును మెల్లగా తిప్పుతూ, ఆ కిటికీలోంచి దీపం వెలుగులో ఏటవాలుగా చూడండి. మంచి డిస్కు ఒకే రంగులో నిగనిగలాడుతుంది. బూజు ఉంటే తెల్లటి చుక్కలు, సాలెగూడు పోగుల్లాంటి గీతలు కనిపిస్తాయి. రెండు వైపులా చూడాలి.

నేను చూడలేదు. మొదటి డిస్కును నేరుగా డ్రైవులో పెట్టాను. గరగరమని శబ్దం. తీసి చూస్తే అయస్కాంతపు పూత మీద సన్నటి వలయం, దానిగుండా అవతలి వెలుతురు కనిపిస్తోంది. అంత మేర పూత లేచిపోయింది, అందులోని అక్షరాలు ఇక ఎవరి తరమూ కాదు. అది చాలనట్టు, డిస్కును తాకి చదివే హెడ్డుకు అంటిన గోధుమరంగు మడ్డి తుడవకుండా రెండో డిస్కు పెట్టి దాన్నీ గీకాను. మాస్టారికి ఫోను చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘మిగతావి నిదానంగా చూడు బాబూ’ అన్నారు.

అందుకే ఈ వరస తప్పవద్దు. తడి తగిలిన డిస్కును సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో వారం రోజులు ఉంచండి. ఎండలో పెట్టకండి, అవి వడియాలు కావు. బూజుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లను కిటికీ దగ్గర తేలికగా ఆనించి, డిస్కును తిప్పండి. బూజు మరీ ముదిరితే కవరు పై అంచును కత్తెరతో కోసి, లోపలి డిస్కును బయటికి తీసి తుడిచి, పారేసే ఫ్లాపీ కవరు ఒకటి శుభ్రం చేసి అందులో పెట్టాలి. ప్రతి డిస్కు తర్వాతా హెడ్డు తుడవాలి. పక్క గాటుకు స్టిక్కరు అంటించడం మరవద్దు. 5.25 అంగుళాల ఫ్లాపీకి గాటు మూస్తేనే రాతకు తాళం పడుతుంది.

ఇక చదవడం. బీబీసీ మైక్రో డిస్కులు ఎఫ్ఎం అనే పాత పద్ధతిలో రాసినవి. మామూలు పీసీల ఫ్లాపీ కంట్రోలర్లు చాలావాటికి అది అర్థం కాదు. గ్రీజ్‌వీజిల్ అర్థం చేసుకోవడానికి ప్రయత్నించదు, అయస్కాంతపు మార్పుల మధ్య కాలాన్ని మాత్రమే నమోదు చేస్తుంది. మనకు కావలసింది అదే. మొదట ఈ ముడి నమోదును ఎస్‌సీపీ ఫైలుగా దాచండి, ఒక్కో ట్రాకును (డిస్కు మీది ఒక్కో వలయాన్ని) 5 చుట్లు చదవమనండి. 40 ట్రాకుల డిస్కును 80 ట్రాకుల డ్రైవులో చదువుతుంటే, హెడ్డును రెండేసి అడుగులు వేయమని చెప్పాలి. పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామే ఎమ్యులేటర్. దానికి కావలసిన ఎస్‌ఎస్‌డీ ఫైలును, అంటే డిస్కులోని సమాచారపు నకలును, ఆ నమోదు నుంచి ఎన్నిసార్లయినా తీయవచ్చు. డిస్కు మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదు.

ఎస్‌ఎస్‌డీ వచ్చిందా? సైజు చూడండి. 40 ట్రాకులు, ట్రాకుకు 10 సెక్టార్లు (వలయంలోని ముక్కలు), సెక్టారుకు 256 బైట్లు: మొత్తం 1,02,400. అంతటితో సంతోషపడకండి, ఖాళీ డిస్కుకూ అదే సైజు. ఫైలులోని బైట్లను అంకెలుగా చూపే హెక్స్ వ్యూయర్‌లో తెరవండి. మొదటి సెక్టారులో పేర్లుంటాయి, ఒక్కోటి 7 అక్షరాలకు మించదు. రెండో సెక్టారులో లెక్కలుంటాయి. మూడో డిస్కులో ఆ సెక్టారు ఆరో బైటు 48, తర్వాతి రెండూ 31, 90. ఇవి పదహారు ఆధారంగా రాసిన అంకెలు. 48 అంటే మన లెక్కలో 72, దాన్ని 8తో భాగిస్తే 9 ఫైళ్లు. 31లోని 3 అంటే, షిఫ్ట్ పట్టుకుని బ్రేక్ మీట నొక్కగానే డిస్కు దానంతట అదే మొదలయ్యేలా మాస్టారు ఏర్పాటు చేశారని. మిగిలిన 1ని 90 ముందు పెడితే 190, అంటే 400 సెక్టార్లు. 40 ట్రాకులకు సరిగ్గా సరిపోయింది. అక్కడ 320 వస్తే అది 800 సెక్టార్ల డిస్కు, మీరు సగమే చదివారు.

బీబీసీ మైక్రో ఎమ్యులేటర్ అయిన బీబ్‌ఎమ్‌లో ఆ ఫైలు పెట్టి, షిఫ్ట్ పట్టుకుని ఎఫ్12 నొక్కండి, బ్రేక్ మీటకు బదులు అదే. నా తెర మీద 40 అక్షరాల వెడల్పున పసుపు రంగులో ‘మీ పేరు?’ అని ఇంగ్లీషులో వచ్చింది. తొమ్మిదో ఫైలులో ఆనాటి పిల్లల పేర్లు, మార్కులు ఉన్నాయి. మాస్టారికిచ్చే నకలులో దాన్ని ఉంచాను, ఇతరులకు పంచే నకలులో తీసేశాను.

23వ ట్రాకులో మాత్రం రెండు సెక్టార్లు ఇంకా తప్పుగానే వస్తున్నాయి. ఆ 5 చుట్లలో ఏ చుట్టును నమ్మాలో వచ్చే పాఠంలో. ఈలోగా మీ డిస్కుల రెండో సెక్టార్లలో ఆ మూడు బైట్లు కాగితం మీద రాసి ఉంచుకోండి.