ప్రాజెక్ట్‌కి ఫార్మల్ ఆర్కిటెక్చర్ కావాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి?

ఫార్మల్ ఆర్కిటెక్చర్ అంటే సిస్టమ్‌లో ఏ భాగం ఏం చేయాలి, ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడాలి అని ముందే తేల్చి రాసిపెట్టుకోవడం. అది కావాలా అని చాలామంది కోడ్ ఎన్ని లైన్లుందో చూస్తారు, దాంతో తేలదండీ. తీసుకున్న నిర్ణయం తప్పయితే వెనక్కి తిప్పడానికి ఎంత పని పడుతుంది, దానిమీద ఎంతమంది ఒక్క మాట మీద ఉండాలి, చూడాల్సింది ఈ రెండే.

సమస్య: ఒకచోట ముట్టుకుంటే ఇంకెక్కడో పగులుతోంది

మేం ఒకసారి ఆర్డర్స్ టేబుల్‌లో స్టేటస్ కాలమ్‌కి "కొంత రద్దు" అని ఒక్క కొత్త విలువ కలిపాం, అంతే, మర్నాడు పొద్దున్నే రిపోర్టుల్లో టోటల్స్ అన్నీ తప్పు, తవ్వితే తెలిసిందేంటంటే బిల్లింగ్, రిపోర్టులు, నోటిఫికేషన్లు మూడూ ఆ టేబుల్‌లోకి నేరుగా చెయ్యి పెడుతున్నాయి.

కారణం: ఆ డేటా ఎవరిదో ఎవరూ తేల్చలేదు.

పరిష్కారం: మొత్తం తిరగరాయడానికి మాత్రం దిగకండి, ప్లీజ్. ఒక్కో టేబుల్‌ని ఒక్క మాడ్యూలే (బిల్లింగ్ లాంటి ఒక భాగం) ముట్టుకోవాలి, మిగతావన్నీ దాని ఏపీఐని, అంటే వేరే కోడ్ డేటా అడగడానికి అది పెట్టిన దారిని, అడగాలి అని రూల్ పెట్టండి. రూల్ కాగితం మీద ఉంటే ఎవరూ పట్టించుకోరు, మిగతా మాడ్యూళ్ళకి ఆ టేబుల్ మీద డేటాబేస్ పర్మిషన్లు తీసేయండి, రూల్ దాటితే బిల్డ్ (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా తయారుచేసే దశ) ఫెయిలయ్యేలా చెక్ పెట్టండి.

సమస్య: ఒకే ప్రశ్నకి ముగ్గురు మూడు జవాబులు చెప్తున్నారు

కారణం: నలుగురున్నప్పుడు మాట్లాడుకునే జతలు 6, పన్నెండు మందయ్యేసరికి 66, ఇంక నోటిమాట ఎక్కడ నిలుస్తుంది. టీముల మధ్య మాటలు ఎలా నడుస్తాయో సిస్టమ్ కూడా అలాగే తయారవుతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లోనే రాశాడు.

పరిష్కారం: ఏడీఆర్‌లు (ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డులు, అంటే తీసుకున్న నిర్ణయాల చిన్న నోట్లు) రాయండి. 2011లో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ మైకేల్ నైగార్డ్ చెప్పిన పద్ధతి ఇది, ఒక్కో పెద్ద నిర్ణయానికి ఒకట్రెండు పేజీలు: పరిస్థితేంటి, ఏం అనుకున్నాం, దానివల్ల ఏం జరుగుతుంది. కోడ్ ఉన్న రిపోలోనే పెట్టండి. వద్దనుకున్న ఆప్షన్లు, ఎందుకు వద్దనుకున్నారో కూడా రాయండి, కొత్తగా చేరినవాళ్ళు ముందు అడిగేది అదే. నిర్ణయం మారితే పాతది చెరపకుండా కొత్తది రాసి లింక్ ఇవ్వండి.

సమస్య: ఆర్కిటెక్చర్ బొమ్మలు బోలెడున్నాయి, నడిచే కోడ్ లేదు

కారణం: తొందరపడ్డారు, అంతే. ఇద్దరు ముగ్గురు చేస్తున్నది, యూజర్‌కి ఏం కావాలో ఇంకా తెలీనిది, వారంలో మార్చేసుకోగలిగేది అయితే ఫార్మల్ ఆర్కిటెక్చర్ ఇప్పుడే వద్దు.

పరిష్కారం: స్క్రీన్ నుంచి డేటాబేస్ దాకా నడిచే చిన్న ముక్క ఒకటి కట్టి చూడండి. కానీ డబ్బు లెక్కలు, రోగుల రికార్డులు, బయటివాళ్ళు వాడే ఏపీఐ ఉంటే టీమ్‌లో ఇద్దరే ఉన్నా మొదటిరోజే కూర్చుని ఆర్కిటెక్చర్ రాసుకోండి, బయటివాళ్ళ కోడ్‌లోకి వెళ్ళిపోయిన ఫీల్డ్ పేరు మార్చాలంటే మన చేతుల్లో ఉండదు.