పాత కాంబైనర్ రోబోల రీఇష్యూలు: కొనే ముందు లెక్క, కొన్నాక జాగ్రత్త

ఐదారు వాహనాలు కలిసి ఒకే పెద్ద రోబో అయ్యే బొమ్మల్లో ఒక చిక్కుంది. మామూలు రోబోకి తుపాకీ పోతే తుపాకీ ఒక్కటే పోతుంది. కాంబైనర్‌కి ఒక పిడికిలి పోతే పెద్ద రోబో మొండి చేత్తో నిలబడాలి. అందుకే రీఇష్యూ కొనేటప్పుడు పెట్టె మెరుపు తర్వాత, ముక్కల లెక్క ముందు.

ముందు కొనేది నిజంగా రీఇష్యూయేనా అని తేల్చుకోవాలి. పాత అచ్చుతోనో, దాన్ని బాగుచేసిన అచ్చుతోనో అదే కంపెనీ మళ్లీ పోసినది రీఇష్యూ. పాత పాత్రనే తీసుకుని కొత్తగా డిజైన్ చేసినది రీమేక్. 1997లో మొదలైన జపాన్ కంపెనీ బందాయ్ 'సోల్ ఆఫ్ చొగోకిన్' బొమ్మలు అలాంటివే. అవి అద్భుతమైన బొమ్మలు, కానీ 1970ల పాపీ కంపెనీ బొమ్మల అనుభవం వాటిలో వెతక్కూడదు. మూడోది నకిలీ. ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మల్లోని డివాస్టేటర్ లాంటి పేరున్న కాంబైనర్లకు నకిలీలు చాలా ఉన్నాయి, కొన్నిటి పెట్టె కూడా అచ్చం అలాగే ఉంటుంది.

ప్లాస్టిక్ మీద చెక్కిన సంవత్సరం చాలామందిని మోసం చేస్తుంది. అది కాపీరైట్ సంవత్సరం, తయారైన సంవత్సరం కాదు. పాత అచ్చు కాబట్టి రీఇష్యూ మీద కూడా 1980ల అంకె ఉండొచ్చు. తయారీ కాలానికి పెట్టె మెరుగైన ఆధారం: జపాన్‌లో ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మలు చేసే టకారా, మరో బొమ్మల కంపెనీ టోమీ 2006 మార్చిలో కలిసిపోయాయి. కాబట్టి పెట్టె మీద 'టకారా టోమీ' అని ఉంటే అది ఆ తర్వాతి ముద్రణే. నకిలీల్లో తరచు కంపెనీ పేరున్న చోటు చెరిపేసినట్టు నున్నగా ఉంటుంది, లేదా అక్షరాల అంచులు కరిగినట్టు మెత్తగా కనిపిస్తాయి. ఆ ముద్ర దగ్గరి ఫోటో అడగండి. ఇవ్వని అమ్మకందారుని వదిలేయండి.

ఒరిజినల్‌కి, రీఇష్యూకి తేడాలు ఊరికే రావు. చిన్నపిల్లల భద్రత నిబంధనల వల్ల అమెరికా రీఇష్యూల్లో కొన్నిటికి క్షిపణులు పొడవుగా చేశారు. 2002లో అమెరికాలో వచ్చిన ఆప్టిమస్ ప్రైమ్‌కి (ట్రక్కుగా మారే ట్రాన్స్‌ఫార్మర్స్ రోబో) పొగగొట్టాలు పొట్టివి. జపాన్ కూర్పుల్లో ఇలాంటి మార్పులు తక్కువ. బొమ్మని చేతిలో ఆడించుకోవడానికైతే ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. పాత రూపం అచ్చంగా కావాలంటే ఏ దేశపు కూర్పో ముందే అడగండి.

ఇక లెక్క. డివాస్టేటర్‌ని తీసుకుందాం. ఇందులో ఆరు కన్‌స్ట్రక్టికాన్లు, అంటే నిర్మాణ వాహనాలుగా మారే రోబోలు: కుడి కాలు స్క్రాపర్, ఎడమ కాలు మిక్స్‌మాస్టర్, నడుము లాంగ్ హాల్, ఛాతీ భాగం హుక్, కుడి చెయ్యి స్కావెంజర్, ఎడమ చెయ్యి బోన్‌క్రషర్. 1985లో ఇవి విడివిడిగా కూడా అమ్మారు, పెద్ద రోబోకి కావలసిన ముక్కలు ఆరు పెట్టెల్లోనూ పంచి పెట్టారు. అంటే ఒక రోబో పెట్టె పోతే, ఆ రోబోతోపాటు ఉమ్మడి ముక్క కూడా పోయినట్టే. అందుకే విడివిడిగా పోగేసే ముందు ఏ ముక్క ఎవరితో వచ్చిందో పట్టిక రాసుకోండి. సెట్టుగా వచ్చే రీఇష్యూలో ఈ తలనొప్పి ఉండదు. అయినా మాన్యువల్లో ముక్కల బొమ్మ ఉన్న పేజీ తెరిచి, ఒక్కోటీ చేత్తో ముట్టుకుని లెక్కపెట్టండి. పెట్టెలోని ట్రే అడుగున, సంచుల మూలల్లో చూడకుండా ఖాళీ పెట్టె పక్కన పెట్టవద్దు.

ట్రాన్స్‌ఫార్మర్స్‌లోనే 'స్క్రాంబుల్ సిటీ' అని పిలిచే తరహా జట్ల (సుపీరియన్, మెనేసర్, డిఫెన్సర్, బ్రూటికస్) పద్ధతి వేరు. నాయకుడు మొండెం, మిగతా నలుగురూ ఎవరైనా చెయ్యి కావచ్చు, కాలు కావచ్చు. కలిసే చోటు కొలత అందరికీ ఒకటే. వీటిలో ఎక్కువగా పోయేవి రెండు పిడికిళ్లు, రెండు పాదాలు, ఛాతీ కవచం. సెకండ్‌హ్యాండ్ ప్రకటనలో 'కంప్లీట్' అని ఉన్నా ఈ ఐదిటినీ విడిగా ఫోటోలో చూపించమనండి.

కలిపేటప్పుడు డివాస్టేటర్‌కి కింద నుంచి పైకి వెళ్లండి. రెండు కాళ్లు ముందు నడుముకి, తర్వాత హుక్, ఆఖరున చేతులు, తల. పైనుంచి మొదలుపెడితే పైబరువంతా కాలి జాయింట్ మీద పడుతుంది, కొత్త ప్లాస్టిక్ కూడా అక్కడ తెల్లబడుతుంది. ఆ తెల్లగీత పగులుకి తొలి గుర్తు, అది మళ్లీ పోదు. ముక్కలు కలిపే పెగ్గు రంధ్రంలోకి దిగకపోతే బలం పెట్టకండి. అరిగిన అచ్చుతో పోసిన ముక్కల అంచుల్లో పల్చటి ప్లాస్టిక్ పొర మిగిలిపోతుంది, అదే అడ్డు. పదునైన బ్లేడుతో ఆ పొరను మాత్రమే గీకి, రెండో ముక్క పెట్టి చూసి, మళ్లీ గీకాలి. గట్టిగా తిరిగే జాయింట్‌కి సిలికాన్ గ్రీజు చిటికెడు చాలు. పెట్రోలియం నూనెలు వద్దు, అవి కొన్ని ప్లాస్టిక్‌లనూ రబ్బరునూ దెబ్బతీస్తాయి.

వదులైన జాయింట్ దీనికి రివర్స్. పారదర్శకంగా ఆరే అక్రిలిక్ నేల పాలిష్‌ని పుల్లతో రాపిడి జరిగే చోట పల్చగా పూసి, 24 గంటలు ఆరనివ్వండి. మధ్యలో రెండు మూడుసార్లు కదపండి, లేకపోతే అంటుకుపోతుంది. క్లిక్ క్లిక్ అనే రాట్చెట్ జాయింట్‌కి ఇది పని చెయ్యదు. నెయిల్ పాలిష్ వాడమని చెప్పేవారుంటారు, దానిలోని ద్రావకం ఏబీఎస్ ప్లాస్టిక్‌ని తింటుంది.

స్క్రూ విప్పాల్సి వస్తే ఒకటి గుర్తుంచుకోండి: జపాన్ బొమ్మల్లో చాలా స్క్రూలు జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) తలవి. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో జారి తల అరగదీస్తుంది. తిరిగి బిగించేటప్పుడు ముందు ఎడమకి తిప్పండి, సన్నగా 'టక్'మని దిగినట్టు తెలుస్తుంది. అప్పుడు కుడికి. అలా చేస్తే ప్లాస్టిక్‌లోని పాత దారిలోనే స్క్రూ వెళ్తుంది, లేదంటే కొత్త దారి తొలిచి రంధ్రం పాడవుతుంది. లోహపు పిన్నుకి ఒక కొస గరుగ్గా ఉంటుంది. ఆ కొస బయటికి వచ్చేలా నున్నటి కొస నుంచి తొయ్యాలి.

స్టిక్కర్లు చాలా రీఇష్యూల్లో షీటుగా వస్తాయి. వేసే ముందు ఒక స్కాన్ తీసుకోండి, రేపు ఒకటి చినిగితే అది అక్కరకొస్తుంది. ప్లాస్టిక్‌ని సబ్బునీళ్ల బట్టతో తుడిచి ఆరబెట్టండి. స్పిరిట్ వద్దు, అది రంగునూ క్రోమ్ పూతనూ తీసేస్తుంది. స్టిక్కర్ ఒక మూలని మాత్రం ట్వీజర్‌తో పట్టుకుని, ఒక అంచు సరిచూసి, అక్కడినుంచి రెండో అంచు వైపు దూదితో నెమ్మదిగా ఒత్తండి. ఫాయిల్ స్టిక్కర్ అయితే ఉపరితలం మీద సబ్బు నీటిబొట్టు ఉంటే కొంచెం జరుపుకోవచ్చు. కాగితం స్టిక్కర్‌కి నీళ్లు తగలకూడదు. మడత పడే గాడి మీదుగా స్టిక్కర్ వస్తే గాడి వెంట బ్లేడుతో కోసెయ్యండి, లేకపోతే రెండు మూడు మార్పిడుల్లో అదే లేస్తుంది.

తెల్ల, లేత బూడిద రంగు భాగాలు పసుపెక్కడానికి ఎండ, వేడి ప్రధాన కారణాలు. హైడ్రోజన్ పెరాక్సైడ్, అతినీలలోహిత కాంతి కలిపి తెల్లబరచవచ్చు గానీ, పసుపు తిరిగి రావచ్చు. పైగా స్టిక్కర్, క్రోమ్ ఉన్న ముక్కకి అది తగలకూడదు. కిటికీ ఎదురుగా పెట్టకపోవడమే మేలు.

దాచడంలో ఎక్కువ మంది చేసే తప్పు రబ్బరు టైర్లని థర్మకోల్ ట్రేకి తగిలి ఉండేలా వదిలెయ్యడం. టైర్లలోని ప్లాస్టిసైజర్ థర్మకోల్‌ని కరిగించి, జిగురులా అంటుకుంటుంది. మధ్యలో పాలిథీన్ ముక్క పెట్టండి. పీవీసీ సంచులు కాకుండా పాలిథీన్ లేదా పాలీప్రొపిలీన్ సంచులు వాడండి. బంగారు రంగు తళుకులు కలిపి పోసిన ప్లాస్టిక్ ఉన్న పాత బొమ్మ మాత్రం ఎంత జాగ్రత్తగా ఉంచినా పెళుసెక్కుతుంది. దాన్ని ఒకే రూపంలో నిలబెట్టి ఉంచండి, మార్పిడి ఆట రీఇష్యూతో కానివ్వండి.