పాత మారుతి 800 పెట్రోల్ తాగేస్తోందా? కార్బ్యురేటర్ స్క్రూ జోలికి పోకముందే ఇవి చూడండి

మైలేజ్ పడిపోయిందని చెప్పగానే మన మెకానిక్కుల్లో చాలామంది బోనెట్ ఎత్తి చేసే మొదటి పని కార్బ్యురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) స్క్రూ తిప్పడం. ఆ పూటకి ఇంజిన్ కాస్త నున్నగా తిరుగుతుంది, ఓనరు సంతోషిస్తాడు, వారం తిరిగేసరికి కథ మళ్లీ మొదటికొస్తుంది. అసలు ఆ స్క్రూని అన్నీ అయ్యాక ఆఖరున ముట్టుకోవాలి. ఇక్కడ చెప్పేది 796 సీసీ కార్బ్యురేటర్ మారుతి 800 గురించే అయినా, పద్మినికైనా అంబాసిడర్‌కైనా వరస ఇదే.

ప్లగ్ స్పానర్, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు), అరగని స్క్రూడ్రైవర్లు, టార్చి, ఒక నోట్‌బుక్. ఇవి చాలు.

ముందు లెక్క తేల్చండి

పెట్రోల్ ముల్లు చూసి చెప్పే మైలేజ్ లెక్కలోకి రాదు. ట్యాంకు నిండా కొట్టించి, గన్ మొదటిసారి కట్ అవగానే ఆపించండి. రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోస్తానంటే ఒప్పుకోవద్దు. కనీసం 250 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర, పొద్దున్నే, అలాగే నింపించండి. 270 కిలోమీటర్లకి 18 లీటర్లు పట్టిందంటే మైలేజ్ 15. ఊళ్లో 14–16, ఏసీ లేకుండా హైవేలో 18–20 వస్తుంటే బండికి జబ్బేమీ లేదు.

సీసాలో లీటరు పెట్రోల్ పోసి, పైపు నేరుగా కార్బ్యురేటర్‌కి తగిలించి, ఆగిపోయేదాకా నడిపే పద్ధతి ఒకటుంది. దాన్ని నేను ఒప్పుకోను. నిప్పు భయం అలా ఉంచండి, ఆ పద్ధతిలో ట్యాంకు, పైపులు, పెట్రోల్ పంపు మూడూ పక్కకి పోతాయి. లీకు అక్కడే ఉంటే? సీసా లెక్కలో మైలేజ్ బ్రహ్మాండంగా వస్తుంది, ట్యాంకు మాత్రం ఖాళీ అవుతూనే ఉంటుంది.

ఓడోమీటర్‌ని కూడా గుడ్డిగా నమ్మకండి. హైవే మీద ఒక 20 కిలోమీటర్లు ఫోన్ జీపీఎస్‌తో పోల్చి చూడండి. కంపెనీ సైజు కంటే పెద్ద టైర్లు వేయించి ఉంటే, తిరిగిన దూరం మీటర్లో తక్కువగా పడుతుంది. ఇంకో సంగతి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈథనాల్ కలిపిన పెట్రోల్. ఈథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోల్‌లో మూడింట రెండొంతులే. 20 శాతం కలిపితే ఆ మేరకు మైలేజ్ తగ్గడం సహజం, దానికి మెకానిక్కుని తిట్టి లాభం లేదు.

గబగబా చూసేవి

టైర్లలో గాలి. ఎయిర్ ఫిల్టర్. ఇంజిన్ కింద, పైపుల దగ్గర పెట్రోల్ వాసన. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, పెట్రోల్ కొడితే పెట్రోల్ పంపు లోపలి పల్చటి పొర (డయాఫ్రం) చిరిగి ఉండొచ్చు. పది కిలోమీటర్లు నడిపాక నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి చూడండి (ఆనించొద్దు). ఒకటే సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేక్ పట్టేస్తోంది.

అదే ప్రయాణంలో టెంపరేచర్ ముల్లు అడుగునే ఉండిపోతే, ఎప్పుడో హీటింగ్ సమస్యకని ఎవరో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) పీకేసి ఉంటారు. మన దగ్గర ఇదొక జాడ్యం. ఇంజిన్ సరిగ్గా వేడెక్కకపోతే పెట్రోల్ ఎక్కువే తాగుతుంది. కొత్త థర్మోస్టాట్ పెట్టించండి.

చోక్ (చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవడానికి గాలి తగ్గించే రేకు) నాబ్ లోపలికి నొక్కేసి ఉంది కదా అని ఊరుకోకండి. కేబుల్ పట్టేసి లోపల రేకు సగం మూసుకుని ఉండొచ్చు. ఎయిర్ క్లీనర్ తీసి చూడండి, రేకు నిలువుగా నిలబడి ఉండాలి.

కరెంటు పని ముందు, కార్బ్యురేటర్ తర్వాత

డిస్ట్రిబ్యూటర్‌లో (ప్లగ్గులకి కరెంటు పంచే భాగం) పాయింట్లున్న మోడల్ అయితే, అంటే కరెంటుని కలిపి తెంపే కాంటాక్టులున్నది అయితే, పాయింట్ల గ్యాప్ ముందు, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) తర్వాత. గ్యాప్ మారితే టైమింగూ మారుతుంది కాబట్టి తిరగేసి చేస్తే రెండూ పాడే. డిస్ట్రిబ్యూటర్ వ్యాక్యూమ్ పైపుని కార్బ్యురేటర్ వైపు ఊడదీసి, నోటితో పీల్చి నాలుక అడ్డం పెట్టండి. నాలుకని పట్టుకుని నిలవకపోతే పైపో డయాఫ్రమో పోయినట్టే. హైవే మైలేజ్‌ని గుట్టుచప్పుడు కాకుండా తినేసేది ఇదే, దీన్ని చూసేవాళ్లు మాత్రం అరుదు.

తర్వాత ఒక పదిహేను కిలోమీటర్లు హైవే మీద నడిపి, పక్కకి ఆపిన వెంటనే, ఐడిల్లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరగడం) ఉంచకుండా ఇంజిన్ కట్టేయండి. చల్లారాక మూడు ప్లగ్గులూ తీసి వరసగా పెట్టండి. లేత గోధుమ రంగుంటే బాగున్నట్టు. మూడూ పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ వస్తోంది. ఒక్కటే నల్లగా ఉంటే కార్బ్యురేటర్ తప్పు కాదు, ఆ సిలిండర్ ప్లగ్ వైరో, వాల్వో చూసుకోండి.

ఇక కార్బ్యురేటర్: ఇక్కడ మాత్రం తొందరపడొద్దు

మూడు ప్లగ్గులూ నల్లబడితేనే ఈ పని. విప్పకముందే ఒక పరీక్ష ఉంది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, టార్చి వేసి కార్బ్యురేటర్ గొంతులోకి చూడండి. నాజిల్ నుంచి చుక్కలు కారుతుంటే, లోపలికొచ్చే పెట్రోల్‌ని ఆపే నీడిల్ వాల్వ్ మూసుకోవడం లేదు, లేదా ఆ నీడిల్‌ని మూసే తేలుడు బుడ్డి (ఫ్లోట్) లెవెల్ ఎక్కువగా ఉంది. ఇప్పుడు ఏ స్క్రూ ఎంత తిప్పినా దండగే.

విప్పేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలి, బ్యాటరీ నెగెటివ్ ఊడదీయాలి, చుట్టుపక్కల బీడీ, సిగరెట్, దీపం ఏవీ ఉండకూడదు. షెడ్డులో కాదు, ఆరుబయటే చేయాలి. పై మూత ఎత్తేముందు కొత్త గ్యాస్కెట్ చేతిలో ఉండాలి, పాతదాన్ని మళ్లీ వేయడం నా దృష్టిలో నేరం. ఫ్లోట్‌ని చెవి దగ్గర కదిపి చూడండి. లోపల పెట్రోల్ చప్పుడైతే పారేయండి. నీడిల్ కొస మీద చుట్టూ గీత పడి ఉంటే నీడిల్, సీటు రెండూ కలిపే మార్చండి. లెవెల్ సరిచేయాలంటే నీడిల్‌ని తాకే చిన్న నాలిక రేకునే వంచాలి, అదీ రవ్వంత, మీ కార్బ్యురేటర్ మాన్యువల్లో ఉన్న కొలతకే. ఫ్లోట్‌ని సీటుకి నొక్కిపెట్టి వంచితే నీడిల్ కొస దెబ్బతింటుంది.

జెట్లలో (పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రాల బిళ్లలు) గుండుసూది గుచ్చొద్దు, తీగ పెట్టొద్దు. జెట్ మెత్తటి ఇత్తడి. రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా ఇక జీవితాంతం పెట్రోల్ ఎక్కువే వస్తుంది. కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే, గాలి అంతే. జెట్ మీద చెక్కిన నంబర్‌ని మాన్యువల్‌తో పోల్చండి. మైలేజ్ కోసమని చిన్న జెట్ వేసే మహానుభావులున్నారు. పికప్ చచ్చి మీరు యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతారు, పైగా వాల్వులు కాలతాయి.

అన్నీ బిగించాకే మిక్స్చర్ స్క్రూ, అంటే మొదట్లో చెప్పిన ఆ స్క్రూ. ఇది ఐడిల్‌కే, 60లో వెళ్తున్నప్పుడు దీని పాత్ర చాలా తక్కువ. ఇంజిన్ వేడెక్కి ఐడిల్లో తిరుగుతుండగా నెమ్మదిగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి. ఆనగానే ఆపండి, బిగిస్తే కొస పాడవుతుంది. పూర్తిగా మూసినా ఇంజిన్ తడబడకుండా తిరుగుతోందంటే పెట్రోల్ ఇంకెక్కడి నుంచో వస్తోంది, వెనక్కెళ్లి నీడిల్, ఐడిల్ స్పీడ్ స్క్రూ చూడండి. తడబడితే బాగున్నట్టే. ఇంజిన్ అన్నిటికంటే వేగంగా తిరిగే చోటుదాకా బయటికి తిప్పి, అక్కడి నుంచి వేగం కొద్దిగా తగ్గేదాకా లోపలికి తిప్పి వదిలేయండి.

మళ్లీ ఫుల్ ట్యాంక్ లెక్క తీయండి. అప్పటికీ మార్పు లేకపోతే కంప్రెషన్ (సిలిండర్లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) చూపించండి. తక్కువున్న సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు పోయినట్టు, పెరగకపోతే వాల్వులు. అది ఇంటి దగ్గర తేలే పని కాదు, ఇంజిన్ విప్పాల్సిందే.