పిల్లల కథ రాయడం నేర్చుకుందాం – ఏడవ పాఠం: వదిలిపెట్టే ఘట్టం

గత పాఠంలో కథలోని పిల్లకు బలమైన కోరిక ఒకటి ఇవ్వడం సాధన చేశాము. ఈసారి ఆ కోరికను ఆ పిల్ల చేతులతోనే విడిపించడం నేర్చుకుందాం. ప్రేమించినదాన్ని దాని మేలు కోరి వదులుకోవడమనే ఇతివృత్తం పిల్లల కథలకు కొత్తది కాదు. అయినా ఇటువంటి కథలు చాలావరకు చివరి పేరాలో చెడిపోతాయి. అక్కడికి వచ్చేసరికి తాతయ్యో మాస్టారో ముందుకు వచ్చి, స్వేచ్ఛ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, పిల్ల తేల్చుకోవలసిన దాన్ని తామే తేల్చేస్తారు. పెద్దవారు కథలో ఉండవచ్చు, ప్రేమగానూ ఉండవచ్చు. నిర్ణయం మాత్రం పిల్లదే కావాలి.

అభ్యాసానికి శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలంలోని తేలుకుంచి గ్రామాన్ని తీసుకుందాం. ఏటా తొలకరి వేళకు నత్తగుల్ల కొంగలు ఈ ఊరి చెట్ల మీదకు వచ్చి గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, చలికాలం మొదలయ్యే నాటికి వెళ్లిపోతాయి. ఊరివారు వాటి రాకను శుభంగా భావిస్తారు, హాని జరగనివ్వరు. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి వచ్చే గూడబాతుల మీద కూడా మంచి కథ రాయవచ్చు గాని, నేను ఈ కొంగనే ఎంచుకోవడానికి కారణం దాని ముక్కు. పెద్ద కొంగ ముక్కు మూసినప్పుడు కూడా పై దవడా కింది దవడా మధ్యలో కలవవు. అక్కడ సన్నని సందు కనబడుతుంది. పిల్ల కొంగకు ఆ సందు ఉండదు, ఎదిగేకొద్దీ ఏర్పడుతుంది. ఈ చిన్న వాస్తవంలోనే మన కథ మొత్తం దాగి ఉంది.

పైడి అనే తొమ్మిదేళ్ల పిల్లను ఊహించండి. గాలివానకు చింతచెట్టు మీది గూటి నుంచి పిల్ల కొంగ ఒకటి కింద పడింది. గూడు అందనంత ఎత్తులో ఉంది. మొదట పైడి ప్రేమను చూపాలి, కాని ప్రేమ అనే మాట వాడకూడదు. చేసే పనులు రాయండి. పైడి పొలం గట్టున నత్తలు ఏరుతుంది. గుల్లను రాతితో చితక్కొట్టి, మాంసాన్ని తుమ్మముల్లుతో బయటికి లాగుతుంది. గుల్ల పెచ్చు ఒక్కటి మిగిలినా కొంగపిల్ల గొంతు కోసుకుంటుందని నీళ్లలో రెండుసార్లు జాడిస్తుంది. వేళ్లకు పట్టిన నీచు వాసన పోక బడిలో పక్కనున్న పిల్లలు ముక్కు మూసుకుంటే చేతులు వెనక్కి దాచుకుంటుంది. చదివే పిల్లలకు ఇంతకు మించి చెప్పనక్కరలేదు.

తరువాత వచ్చేది సాకు. ఈ పాఠంలో నేను అన్నిటికన్నా ముఖ్యమని నమ్మేది ఇదే. వదలలేని మనిషి ‘నేను వదలను’ అని ఎన్నడూ అనదు, ‘ఇంకా వేళ కాలేదు’ అంటుంది. పైడికి మనం ఇవ్వవలసిన సాకు ఆ ముక్కు సందే. కొంగపిల్ల రెక్కలు విదిలించి పెంకుటిల్లు కప్పు దాకా ఎగిరి దిగుతున్నా, సాయంత్రాలు ఆకాశంలో గుంపు తిరుగుతుంటే మెడ చాచి అటే చూస్తున్నా, పైడి మాత్రం దాని ముక్కు పట్టుకొని చూసి, సందు రాలేదు కనుక ఇది చిన్నదే అనుకుంటుంది. రెక్కలు ఒకటి చెబుతుంటే పైడి ముక్కును సాక్ష్యానికి పిలుస్తున్నదని పాఠకులకు తెలియాలి. ఆమెకు ఆ సంగతి తానుగా తెలిసే క్షణమే కథలో పతాక సన్నివేశం. దాన్ని ఈ విధంగా రాయవచ్చు:

“మామ్మ అరుగు మీద చేట పట్టుకొని బియ్యం ఏరుతోంది. ‘దీనికింకా సందు రానేదు మామ్మా’ అంది పైడి. మామ్మ తల ఎత్తలేదు. ‘రానేదా’ అని మాత్రం అంది. పైడి మళ్లీ ముక్కు చూసింది. కొంగపిల్ల కళ్లు ఆమెను చూడడం లేదు, చెరువు వైపు చూస్తున్నాయి. పైడి ముక్కు వదిలేసింది. నత్తల గిన్నె తీసుకొని చెరువు గట్టుకు నడిచింది. కొంగపిల్ల వెనకే వచ్చింది. గట్టు దిగువన, గుంపు మేస్తున్న చోట, గిన్నెలో నత్తలన్నిటినీ గుల్లలతోనే బురదలోకి ఒంపేసింది.”

ఈ పేరాలో ఏమి జరిగిందో గమనించండి. మామ్మ పలికింది ఒక్క మాట, అదీ పైడి మాటకు ప్రతిధ్వని. పైడి ఏడ్చిందని రాయలేదు. ఇన్నాళ్లూ గుల్ల తీసి తినిపించిన పిల్ల ఆ రోజు గుల్లలతోనే ఒంపేయడం ఆమె నిర్ణయం. ముందు పేరాల్లో గుల్ల తీయడాన్ని మీరు నిదానంగా, ఓపికగా వర్ణించి ఉంటేనే ఈ పనికి బరువు వస్తుంది. అక్కడ తొందరపడితే ఇక్కడ ఎన్ని విశేషణాలు వేసినా ఫలితం ఉండదు.

మరొక చిక్కు ఉంది. అడవి పక్షిని ఇంట్లో ఉంచుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పదు. అందుచేత మొదటి రోజునే మామ్మ అటవీశాఖ వారికి కబురు చేసినట్లు, వారు వచ్చి చూసి, కట్టవద్దని, పంజరంలో పెట్టవద్దని చెప్పినట్లు ఒక వాక్యంలో రాయండి. చివర వారే వచ్చి పక్షిని తీసుకుపోయినట్లు మాత్రం రాయకండి. అప్పుడది పైడి వదిలిన కథ కాదు, పైడి దగ్గర లాక్కున్న కథ అవుతుంది.

మరుసటి తొలకరికి కొంగలు వచ్చినప్పుడు ఒకటి దిగి పైడిని గుర్తుపట్టినట్లు రాయాలని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి రాయవద్దు. ఈ జాతిలో పిల్ల పక్షులు చాలా దూరం చెదిరిపోతాయి. థాయిలాండ్‌లో కాలికి ఉంగరం తొడిగి వదిలిన పక్షి ఒకటి 1500 కిలోమీటర్ల పడమరన బంగ్లాదేశ్‌లో దొరికింది. వాస్తవాన్ని పక్కన పెట్టినా, తిరిగి వచ్చిన పక్షి పైడి చేసిన పనిని బదులుగా మార్చేస్తుంది. ఇచ్చినది తిరిగి వస్తుందన్న హామీ ఉంటే, వదలడానికి ధైర్యం ఎందుకు?

ఇక్కడ ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. కూలి పనులకు చెన్నైకో హైదరాబాదుకో వలస వెళ్లిన తండ్రి కోసం ఎదురుచూసే పిల్లలు ఈ జిల్లాలో ఎందరో ఉన్నారు. మీ కథ వారి చేతుల్లోనూ పడుతుంది. వెళ్లినవారిని తలుచుకోకూడదని గాని, పిలవకూడదని గాని ఆ పిల్లలకు అనిపించకూడదు. కొంగపిల్ల వెళ్లేది ఎదిగినందుకు. ఆ తండ్రి వెళ్లింది ఇంట్లో జరుగుబాటు లేక. ఈ తేడా చెదరకుండా ఉండాలంటే పక్షిని మనిషికి గుర్తుగా వాడకండి. దాన్ని పక్షిగానే, నత్తలు తినే, చెరువు వైపు చూసే కొంగగానే ఉండనివ్వండి.

ఈ వారం సాధనకు మీ ఊరిలోని ప్రాణిని ఒకదాన్ని తీసుకొని, అది ఎదిగిందనడానికి కంటికి కనిపించే గుర్తు ఏమిటో తెలిసినవారిని అడిగి తెలుసుకోండి. ఆ గుర్తును సాకుగా పట్టుకున్న పిల్లను కల్పించి, సాకు చెదిరిన క్షణాన్ని పది వాక్యాలకు మించకుండా రాయండి. రాసిన తరువాత పెద్దవారి మాటలన్నీ కొట్టివేసి మళ్లీ చదవండి. అర్థం చెడితే, లోపం ముందు పేరాల్లో చూపిన పనుల్లో ఉందని గ్రహించి, అక్కడి నుంచి తిరగరాయండి. పైడి మాటల్లో కనిపించిన ఈ ప్రాంతపు యాసను కథలో ఎంతవరకు వాడవచ్చునో వచ్చే పాఠంలో చూద్దాం.