నడివేసవిలో ఒంటరిగా బైక్ మీద మీట్‌కు వెళ్లి రావడం ఎలా?

నెల్లూరు నుంచి హైదరాబాద్ దాదాపు 450 కిలోమీటర్లు. మీట్ (బైకు నడిపేవాళ్లంతా ఒకచోట కలవడం) ఎప్పుడూ ఊరి చివరే పెడతారు కాబట్టి ఇంకో ఇరవై కలుపుకోండి. మే నెలలో ఈ దూరం అనగానే అందరూ అడిగేది "బండి తట్టుకుంటుందా" అని. తట్టుకుంటుంది. 125 సీసీ బండి కూడా తట్టుకుంటుంది. మనిషి తట్టుకుంటాడా అని ఎవరూ అడగరు. ఎండాకాలం ప్రయాణాలు చెడేది అక్కడే.

బండి పని

సర్వీసింగ్ వారం ముందే చేయించండి. ముందురోజు చేయిస్తే, మెకానిక్ సరిగా బిగించని బోల్టు ఏ మేదరమెట్ల దగ్గరో ఊడుతుంది. వారం ముందైతే ఊళ్లోనే బయటపడుతుంది. ఆయిల్, బ్రేకు ప్యాడ్లు, క్లచ్ కేబుల్ చూడమనండి. చైన్ వదులు మాన్యువల్లో రాసినంతే ఉండాలి, చాలా బండ్లకు అది 20 నుంచి 30 మిల్లీమీటర్లు. ట్యూబ్ టైరైతే మీ సైజు ట్యూబులు రెండు కొని పెట్టుకోండి. పంక్చర్ వేసేవాడు దారి పొడుగునా దొరుకుతాడు గానీ మీ సైజు ట్యూబు దొరకదు. ట్యూబ్‌లెస్ అయితే ప్లగ్ కిట్టు (పంక్చర్ రంధ్రంలో రబ్బరు దూర్చి మూసే సామాను), చిన్న పంపు చాలు.

గాలి విషయంలో మాత్రం ఎవరి మాటా వినకండి. "ఎండకు గాలి పెరుగుద్ది, రెండు పాయింట్లు తగ్గించు" అని ప్రతి బంకులోనూ ఒకరు చెబుతారు. అది తప్పు. గాలి తగ్గితే టైరు పక్కలు ఎక్కువగా మడతపడతాయి, ఆ మడతకే టైరు ఇంకా వేడెక్కుతుంది. తెల్లవారుజామున, బండి కదలకముందు, మాన్యువల్లో ఉన్న లెక్క ప్రకారం పట్టండి. నడిచాక చూస్తే మూడు నాలుగు పాయింట్లు (పీఎస్ఐ) ఎక్కువ చూపిస్తుంది. అది మామూలే, దాన్ని తీయకండి.

పెట్రోలు మూత అంచుదాకా పోయించుకోవద్దు. ట్యాంకు పేలుతుందనేది పుకారు. కానీ భూమిలో చల్లగా ఉన్న పెట్రోలు ఎండలో నిలిపిన బండిలో వ్యాకోచించి పొంగుతుంది, కారిన డబ్బు మీదే.

సామాను వెనక సీటు మీద ఒకే సంచి. సాగే తాళ్లు రెండు, వాటి మీద పట్టీ ఒకటి. వేలాడే కొస ఏదైనా ఉంటే చైన్లోకి పోతుంది, ముడేసి లోపలికి దోపండి. లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం డిజిలాకర్‌లో ఉన్నా అసలువి కూడా పెట్టుకోండి, ఎండకు ఫోను ఆరిపోతుంది. హ్యాండిల్ మీద ఫోను బిగించి మ్యాపు చూస్తూ వెళ్లేవాళ్లకు పది దాటాక ఇది తప్పదు. ఊళ్ల పేర్లు ఒక చీటీ మీద రాసి ట్యాంకుకు అంటించండి: ఒంగోలు, మేదరమెట్ల, అద్దంకి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నల్గొండ, నార్కట్‌పల్లి. ఇంతకన్నా మ్యాపు అక్కర్లేదు.

హెల్మెట్ అద్దం తెల్లదే ఉండాలి. నల్ల అద్దంతో తెల్లవారుజామున నాలుగింటికి హైవే ఎక్కితే లైట్లు లేకుండా పక్కన ఆపిన లారీ మీదికి వచ్చేదాకా కనపడదు. అసలు నల్ల అద్దం హైవే మీద పనికిరాదు.

వెళ్లేటప్పుడు

తెల్లవారుజామున నాలుగుకు నెల్లూరు దాటాలి. ఐదైతే ఆలస్యమే. జాతీయ రహదారి 16 మీద కావలి, సింగరాయకొండ, టంగుటూరు ఎండెక్కకముందే వెళ్లిపోతాయి. ఈ దారిలో రొయ్యల లారీల నుంచి నీళ్లు కారుతుంటాయి, వాటి వెనక బ్రేకు గట్టిగా తొక్కకండి. రాంగ్ రూటులో వచ్చే టూవీలర్లు ఎడమ అంచునే వస్తాయి, అంచు వదిలి నడపండి. టోల్ గేట్ల దగ్గర బైకుకు రుసుము లేదు, ఎడమ పక్క సందులోంచి నెమ్మదిగా వెళ్లిపోవడమే.

ఆరు గంటలకు ఒంగోలు. రెండు ఇడ్లీ, అంతే. పూరీ కూర తిన్నవాడికి అద్దంకి దాటాక ఆవలింతలు మొదలవుతాయి. మేదరమెట్ల దగ్గర ఎడమకు తిరిగితే నార్కట్‌పల్లి దాకా 212 కిలోమీటర్లు. విజయవాడ మీదుగా వెళ్లేవాళ్లున్నారు, రోడ్డు వెడల్పని. ఊళ్ల ట్రాఫిక్‌లో గంట పోగొట్టుకుని, ఆ గంటను మిట్టమధ్యాహ్నం ఎండలో తీర్చుకోవడం తప్ప లాభం లేదు.

పిడుగురాళ్ల, దాచేపల్లి ప్రాంతం తొమ్మిదిలోపు దాటేయాలి. సున్నపురాయి నేల, చెట్టు తక్కువ, పక్కనే ఎండకు పేరుపడ్డ రెంటచింతల. వాడపల్లి దగ్గర కృష్ణ దాటి మిర్యాలగూడ, నల్గొండ. పదిన్నరకు ఎక్కడుంటే అక్కడ దిగిపోండి. మిగిలింది నాలుగున్నర తర్వాత.

అసలు కష్టమైన పని: ఎండను లెక్కగట్టడం

ఇక్కడ నెమ్మదిగా చదవండి. బైకు మీద గాలి తగులుతుంది కాబట్టి చల్లగానే ఉంటుందని అందరూ అనుకుంటారు. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపే ఒంట్లోంచి వేడి తీసుకుపోతుంది. 40 దాటిన గాలి ఒంట్లోకి వేడి నింపుతుంది, వేగం పెంచేకొద్దీ ఇంకా నింపుతుంది. ఇక మిగిలిన దారి చెమట ఆరడం ఒక్కటే.

ఆ చెమట దగ్గరే మన జిల్లాలవాళ్లు పొరపడతారు. నెల్లూరు, ఒంగోలు పక్కన సముద్రపు తేమ, ఉక్కపోత. చెమట కారుతుంది గానీ ఆరదు, కాబట్టి చల్లబరచదు. చొక్కా తడిసి విసుగు పుడుతుంది, నీళ్లు తాగాలని గుర్తొస్తుంది. అద్దంకి దాటి లోపలికి పోయేకొద్దీ గాలి పొడిబారుతుంది. అక్కడ చెమట పుట్టగానే ఆరిపోతుంది, చొక్కా పొడిగానే ఉంటుంది. "నాకసలు చెమటే పట్టలేదు" అనుకుంటూ నీళ్లు మానేస్తాడు మనిషి. ఒంట్లో నీరు మాత్రం గంటకు లీటరు చొప్పున పోతూనే ఉంటుంది. దాహం వేసేసరికి ఆలస్యమైపోతుంది.

అందుకే దాహాన్ని నమ్మకుండా గడియారాన్ని నమ్మండి. ప్రతి 25 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే పావు లీటరు. వీపుకు తగిలించుకునే నీళ్ల సంచి ఉంటే గొట్టంతో తాగొచ్చు, లేదంటే ఆగండి. ఒట్టి నీళ్లే తాగితే చెమటతో పోయిన ఉప్పు తిరిగిరాదు, తల తిరుగుతుంది. ఉప్పేసిన పల్చటి మజ్జిగ అన్నిటికన్నా మేలు. దొరక్కపోతే ఓఆర్ఎస్ పొడి పెద్ద పొట్లం ఒకటి సరిగ్గా లీటరు నీళ్లలో కలపండి. సగం నీళ్లలో కలిపి చిక్కగా తాగేవాళ్లకు మేలు కన్నా కీడెక్కువ. తియ్యటి టెట్రా ప్యాకులు ఓఆర్ఎస్ కావు. దారిలో తాటిముంజలు తినండి, కొబ్బరి బోండాం, నన్నారి తాగండి, కానీ అవి ఈ లెక్కలోకి రావు. మూడు గంటలైనా మూత్రం రాలేదంటే, వచ్చింది ముదురు పసుపుగా ఉందంటే, ఆ పూటకు బండి ఆపేయండి.

బట్టల సంగతి. టీషర్టుతో నడపడం వేసవి లక్షణం కాదు, తెలియనితనం. లోపల ఫుల్ చేతుల నూలు చొక్కా, పైన గాలి దూరే జాలీ (మెష్) రైడింగ్ జాకెట్. ఆగిన ప్రతిచోటా చొక్కా పిండేంత తడిపి జాకెట్ మూసేయండి. పొడిగాలిలో ఇది కాసేపు బాగా చల్లగా ఉంచుతుంది. ఉక్కపోతలో అంత పనిచేయదు, అయినా తడపండి. మెడ చుట్టూ తడి తువ్వాలు వేసి కొసలు జాకెట్ లోపలికి దోపాలి. ఉక్కగా ఉందని హెల్మెట్ అద్దం పైకెత్తకండి, వడగాలి నేరుగా కళ్లకు కొడుతుంది.

ఒంటరిగా వెళ్లేవాడికి ఉన్న అసలు ప్రమాదం, వడదెబ్బ మొదట తలకే ఎక్కుతుంది, తనకేమవుతోందో తనకే తెలియదు. పక్కన చెప్పేవాడు లేడు. కాబట్టి గుర్తులు ముందే పెట్టుకోండి. ఇండికేటర్ ఆపడం రెండుసార్లు మరిచారా? దాటిపోయిన ఊరు పేరు గుర్తురావడం లేదా? ఆగినప్పుడల్లా 100 నుంచి ఏడు చొప్పున తీసేస్తూ ఐదు అంకెలు చెప్పుకోండి: 93, 86, 79, 72, 65. తడబడితే ఇక బండి ఎక్కొద్దు. ఎండలో ఒళ్లు జలదరించినా, తలనొప్పి వచ్చినా నీడకు చేరి జాకెట్ విప్పి ఒళ్లంతా నీళ్లు పోసుకోండి. మాట తడబడితే, వాంతులైతే 108కి ఫోను చేయమని పక్కనున్నవారికి చెప్పండి. ఇంట్లో ఒకరికి లైవ్ లొకేషన్ పంపి, గంటసేపు కదలకపోతే ఫోను చేయమనండి.

మధ్యాహ్నం దిగడానికి ఆర్టీసీ బస్టాండే మంచిది. ఫ్యాను, నీళ్లు, మరుగుదొడ్డి, పడుకోడానికి బల్ల, అన్నీ ఉంటాయి. ఏసీ హోటల్లో బిర్యానీ తిని కూర్చునేవాళ్లు నాలుగింటికి లేవలేరు. ఇంటి నుంచి పులిహోర పొట్లం కట్టించుకోండి. పెరుగన్నం ఆ ఎండకు పులిసిపోతుంది. సీటు మీద తెల్లటి తువ్వాలు కప్పడం మరవొద్దు, మరిస్తే కూర్చోగానే తెలుస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు

మీట్ ఎలా జరపాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆదివారం మధ్యాహ్నం జెండాలు దించగానే మాత్రం బయల్దేరకండి. ముందురాత్రి నిద్ర లేదు, పైన ఎండ. సోమవారం సెలవు పెట్టండి. సెలవు దొరక్కపోతే వెళ్లకపోవడమే నయం. ఆదివారం రాత్రి తొమ్మిదికి పడుకుని సోమవారం నాలుగుకు ఊరు దాటండి. చైన్‌కు నూనె ఆదివారం సాయంత్రమే పెట్టాలి, వెచ్చగా ఉన్నప్పుడు బాగా పడుతుంది. 500 కిలోమీటర్లకు ఒకసారి చాలు.

ఏడున్నర, ఎనిమిదికి పిడుగురాళ్ల. పది దాటుతుండగా ఒంగోలు. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. నెల్లూరు ఇంక 120 కిలోమీటర్లే, రెండు గంటలు, ఇంటికెళ్లి అన్నం తినొచ్చు అనిపిస్తుంది. ఆ రెండు గంటలూ రెండ్రోజుల అలసట మీద, ఉక్కపోతలో, పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా పడతాయి. వెళ్లేటప్పుడు చల్లగా దాటిన రోడ్డే కదా అని లెక్క తప్పుతుంది. రోహిణి కార్తెలో అయితే చెప్పనే అక్కర్లేదు.

ఒంగోలు బస్టాండులో దిగండి. చొక్కా తడుపుకుని, మజ్జిగ తాగి, బల్ల మీద పడుకోండి. ఇంట్లోవాళ్లకు "రాత్రి ఏడుకు వస్తా" అని ముందే చెప్పి ఉంచండి. మధ్యాహ్నం భోజనానికి వస్తానని చెప్పినవాడు ఆగలేడు. నాలుగున్నరకు లేచి, గాలి చూడకుండా, నీళ్ల సంచి నింపుకుని కదలండి. సింగరాయకొండ దాటేసరికి ఎండ వాలుతుంది.