పాత ఫొటోలు చదవడం – 3వ పాఠం: కోటు, కుర్చీ, చీర రంగు

పోయిన పాఠంలో అట్ట వెనక స్టూడియో ముద్ర చూశాం కదా, ఇప్పుడు బొమ్మ వైపు తిప్పండి. ముఖం మాత్రం ఆఖర్న చూడండి, ముందే చూస్తే "మా తాత" అనిపించి ఇంకేదీ కంటికి ఆనదు.

నల్లగొండలో మా ఇంట్లో ఉన్న ఫొటోలో తాత కోటు తొడుక్కుని, పుస్తకం పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు అక్షరం ముక్క రాదు. కోటు చూస్తే భుజాల మీంచి జారి, చేతులు వేళ్ల దాకా వచ్చాయి, అంటే ఆయన కొలతకు కుట్టించింది కాదు. వచ్చినవాళ్ల కోసం స్టూడియోల్లో కోటు, పుస్తకం, పూలకుండీ లాంటివి ఉంచేవాళ్లు. కాళ్లకు చెప్పుల్లేవు, మడమలు పగిలి ఉన్నాయి, అవి ఆయనవే. ఎప్పుడో ఒకసారి దిగే ఫొటో, నలుగురిలో తనెలా కనపడాలనుకున్నాడో అలా దిగాడు, నాకైతే ఆ కోరిక కూడా ఆయన గురించిన నిజమే.

కుర్చీ, తెర, స్తంభం మనవి కావు. 1854లో పారిస్‌లో డిస్డేరి అనే ఫొటోగ్రాఫర్ పేటెంట్ తీసుకున్న చిన్న అట్టల ఫొటోలతో ఈ అలంకారం ఊరూరా పాకింది. మొదట్లో చాలాసేపు కదలకుండా ఉండాలి కాబట్టి తల వెనక ఇనుప ఊత పెట్టేవాళ్లు, పాదాల వెనక దాని అడుగు కనిపిస్తుందేమో వెతకండి. ఆ అవసరం తీరిపోయాక కూడా బిగుసుకుని కూర్చోవడం మర్యాదగా మిగిలిపోయింది.

ఆడవాళ్ల ఫొటోల దగ్గర తొందరపడొద్దు. పరదా పాటించే ఇళ్ల స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడంటే ఫొటో దిగడమే ఎంత పెద్ద సంగతో చూడండి.

ఇంకోటి, నేనే పొరబడ్డది. తెల్లచీర కనపడగానే భర్త పోయినావిడ అని రాసేసుకున్నాను. ఆ కాలంలో ఫొటో తీసే గాజు ప్లేట్లకు నీలం తెల్లగా, ఎరుపు నల్లగా పడుతుంది. ఆ చీర నీలానిదీ కావచ్చు, అందుకే చీర రంగు వదిలి గాజులు, మెడ, నుదురు చూడండి. కుంకుమ బొట్టు కూడా నల్లగానే కనిపిస్తుంది.

ఈ వారం పని: మీ ఇంట్లో ఒక ఫొటో తీసి కాగితం మీద రెండు గళ్లు గీయండి, ఒకదాంట్లో స్టూడియో సామాను, రెండోదాంట్లో మనిషి ఇంటి నుంచి తెచ్చుకున్నవి రాయండి. ఏ గడిలోనూ పట్టనివి పక్కన పెట్టండి, వచ్చే పాఠంలో పెన్సిల్‌తో ముఖాలు దిద్దడం గురించి చెప్పేటప్పుడు అవి కావాలి.